బీజెడ్‌సీ పిల్లలకు ముందే చెప్పని షరతులు

నీటి శుద్ధి మీద పనిచేసే ఇంజినీర్లకు ప్రపంచంలో ఎక్కడున్నా నల్లగొండ పేరు తెలుసు. ఆ పేరు తెచ్చింది నాగార్జునసాగర్ కాదు, ఫ్లోరైడ్. ఈ జిల్లా ఫ్లోరోసిస్ రోగులపై ఎ.హెచ్. సిద్దిఖీ రాసిన వ్యాసం 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. తర్వాత నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీటిలో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని రూపొందించి, దానికి నల్లగొండ టెక్నిక్ అని పేరు పెట్టింది. టాంజానియా, ఇథియోపియాల్లో కూడా దాన్ని వాడి చూశారు.

ఈ జబ్బు మొదలయ్యేది నేల కింది గ్రానైట్ రాయిలో. అందులోని ఫ్లోరైడ్ నీళ్లలోకి ఎలా దిగిందో, కాల్షియంతో ఎలా కలిసిందో కెమిస్ట్రీ చెబుతుంది. పళ్లకు గార పట్టడం, నడుం వంగిపోవడం బయాలజీ సంగతి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన గీతను కొలవాలంటే ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ కావాలి. ఆ ఎలక్ట్రోడ్ ఇచ్చేది మిల్లీవోల్టుల్లో ఒక అంకె. అది ఫిజిక్స్. ఆ అంకెను మిల్లీగ్రాముల్లోకి మార్చాలంటే లాగరిథమ్ తెలియాలి. అది లెక్కలు. ఒక్క బోరు నీళ్ల సీసాను అర్థం చేసుకోవడానికి ఇన్ని శాస్త్రాలు కలిసి రావాలి.

అదే జిల్లాలో జీవశాస్త్రం చదివే విద్యార్థికి పదో తరగతితో లెక్కలు ఆగిపోతాయి. ఇంటర్‌తో ఫిజిక్స్ ఆగిపోతుంది. బైపీసీ తీసుకున్నవాళ్లు లెక్కల పుస్తకం మూసేస్తారు. డిగ్రీలో బీజెడ్‌సీ, అంటే బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ తీసుకుంటే ఫిజిక్స్ పుస్తకం కూడా అటకెక్కుతుంది. మూడేళ్ల తర్వాత యూనివర్సిటీలో ఎమ్మెస్సీ సీటు వచ్చాక, మొదటి సెమిస్టర్‌లోనే ఆ రెండు పుస్తకాలూ వెతుక్కోవాల్సి వస్తుంది.

అమెరికాలో కమ్యూనిటీ కాలేజీ అనే వ్యవస్థ ఉంది. ఇంటికి దగ్గరగా, తక్కువ ఫీజుతో మొదటి రెండేళ్లు చదువుకుని, తర్వాత యూనివర్సిటీకి మారే దారి అది. మన దగ్గర సరిగ్గా అలాంటిది లేదు గానీ, మన ప్రభుత్వ డిగ్రీ కాలేజీ చేసే పని దాదాపు అదే. నల్లగొండలోని నాగార్జున ప్రభుత్వ కళాశాల, మహబూబ్‌నగర్‌లోని ఎంవీఎస్ కాలేజీ, ఎన్టీఆర్ మహిళా డిగ్రీ కాలేజీ, జడ్చర్లలోని బూర్గుల రామకృష్ణారావు పేరిట ఉన్న కాలేజీ, అచ్చంపేట, నాగర్‌కర్నూల్, దేవరకొండల కాలేజీలు... మెడికల్ సీటు రాని, లాంగ్‌టర్మ్ కోచింగ్‌కు డబ్బు లేని, పట్నం పంపే స్తోమత లేని ఇళ్ల పిల్లలు చేరేది ఇక్కడే. ఇక్కడి నుంచి కొందరు 2007లో ఏర్పడిన నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీకి, కొందరు 2008లో ఏర్పడిన పాలమూరు యూనివర్సిటీకి, మంచి ర్యాంకు వస్తే ఉస్మానియాకు వెళతారు. ఇంకా ధైర్యం చేసినవాళ్లు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ కోసం సీయూఈటీ రాస్తారు.

కమ్యూనిటీ కాలేజీలకు పెట్టింది పేరైన కాలిఫోర్నియాలో ఈ మార్పిడి ఎలా జరుగుతుందో చూస్తే మన లోటు తెలుస్తుంది. ఆ రాష్ట్రంలో వందకు పైగా కమ్యూనిటీ కాలేజీలున్నాయి. బయాలజీ మేజర్‌గా యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు మారాలంటే బయాలజీ ఒక్కటే సరిపోదు. జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్, కాలిక్యులస్ కూడా ముందే చదివి రమ్మంటారు. షరతు గట్టిదే, కానీ దాచిపెట్టింది కాదు. అసిస్ట్ అనే అధికారిక వెబ్‌సైట్‌లో కాలేజీ పేరు, వెళ్లాలనుకున్న యూనివర్సిటీ పేరు నొక్కితే ఇక్కడి ఏ పేపరు అక్కడి ఏ పేపరుకు సమానమో వరుసగా కనిపిస్తుంది. తెలుగు కుటుంబాలు బాగా స్థిరపడిన ఫ్రీమాంట్‌లో ఓలోనీ కాలేజీ ఉంది. అందులో చేరిన పిల్లకు తాను ఏ సెమిస్టర్‌లో ఆర్గానిక్ కెమిస్ట్రీ పూర్తిచేయాలో మొదటి ఏడాదే తెలుస్తుంది. అక్కడా అంతా సాఫీగా సాగదు. కావలసిన పేపరులో సీట్లు నిండిపోతే ఒక సెమిస్టర్ వృథా అవుతుంది. అయినా, ఏది లేక ఆగిపోయారో అక్కడి విద్యార్థికి తెలుసు.

ఇక్కడ దోస్త్ సంగతి చూద్దాం. 2016లో మొదలైన ఈ ఆన్‌లైన్ ప్రవేశాల పద్ధతి కాలేజీల చుట్టూ తిరిగే బాధను నిజంగానే తప్పించింది. అందుకు మెచ్చుకోవాలి. కానీ ఆ తెర మీద బైపీసీ పాసైన పదిహేడేళ్ల పిల్ల ముందు పేర్ల జాబితా ఒకటి వచ్చి నిలుస్తుంది. బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ. మైక్రోబయాలజీ, జువాలజీ, కెమిస్ట్రీ. బయోటెక్నాలజీతో ఒకటి, న్యూట్రిషన్‌తో ఒకటి, కంప్యూటర్ అప్లికేషన్స్‌తో ఇంకొకటి. ఆప్షన్లు పెట్టేది చాలాసార్లు మీసేవలోనో, నెట్ సెంటర్‌లోనో కూర్చున్న ఆపరేటర్. బోటనీ, జువాలజీలకు కంప్యూటర్ తోడైతే ఉద్యోగం వస్తుందని అతను చెబుతాడు, ఆమె తలూపుతుంది. కెమిస్ట్రీ లేని ఆ కాంబినేషన్‌తో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ తలుపు సాధారణంగా మూసుకుపోతుందని ఆ తెర మీద ఎక్కడా రాసి ఉండదు. ఆ సంగతి మూడేళ్ల తర్వాత పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ అర్హతల పట్టికలో చిన్న అక్షరాల్లో కనిపిస్తుంది. అప్పటికి చేయగలిగింది ఏమీ ఉండదు.

ఉస్మానియా యూనివర్సిటీ నిర్వహించే సీపీగెట్‌లో వంద ప్రశ్నలు, గంటన్నర సమయం. కొన్నేళ్ల కిందట ఈ పరీక్షలో పెద్ద సడలింపు ఒకటి వచ్చింది. ఏ డిగ్రీ చదివినవారైనా, చివరికి బీటెక్ వాళ్లయినా, చాలా ఎంఏ కోర్సుల్లో చేరవచ్చన్నారు. సైన్స్‌కు అలాంటి వెసులుబాటు ఇవ్వలేదు, ఇవ్వకపోవడంలో అర్థం ఉంది. చరిత్ర ఎప్పుడూ చదవని ఇంజినీరు శ్రద్ధ ఉంటే ఆరు నెలల్లో చరిత్ర చదవగలడు. బెంజీన్ రింగు చూడని మనిషిని ఎంజైముల క్లాసులో కూర్చోబెడితే అతనికీ నష్టం, పాఠం చెప్పేవారికీ నష్టం.

కాబట్టి ముందస్తు సబ్జెక్టుల షరతే అన్యాయమన్న వాదన నిలబడదు. యూజీసీ 2025లో తెచ్చిన నిబంధనలు దాదాపు ఆ వాదనకే మొగ్గాయి. జాతీయ స్థాయి ప్రవేశ పరీక్ష పాసైతే, అంతకుముందు ఏ సబ్జెక్టులు చదివారన్నది అడ్డు కాకూడదన్నాయి. వినడానికి ఉదారంగా ఉంది. లోపలికి వచ్చిన విద్యార్థికి తెలియని సబ్జెక్టు ఎవరు నేర్పుతారన్న ప్రశ్నకు మాత్రం అందులో గట్టి జవాబు లేదు. ఏఐసీటీఈ కూడా 2021లో కొన్ని ఇంజినీరింగ్ కోర్సులకు ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్స్ తప్పనిసరి కాదని చెప్పి గగ్గోలు పుట్టించింది. అవసరమైతే బ్రిడ్జి కోర్సులు పెట్టుకోండని ఆ భారాన్ని కాలేజీల మీదికి నెట్టింది. మూసిన తలుపు విద్యార్థిని బయటే ఆపేస్తుంది. మెట్లు కట్టకుండా తెరిచిన తలుపు లోపలికి రానిచ్చి పడేస్తుంది.

బీజెడ్‌సీ విద్యార్థికి లెక్కలు ఎక్కడ అడ్డొస్తాయని అడిగేవారుంటారు. ఎమ్మెస్సీ దాకా ఆగనక్కర్లేదు, డిగ్రీలోనే వస్తాయి. మన యూనివర్సిటీల్లో కెమిస్ట్రీ పేపరు ఎంపీసీ వాళ్లకూ, బీజెడ్‌సీ వాళ్లకూ ఒకటే. రసాయన చర్యల వేగం గురించిన పాఠంలో లెక్చరర్ బోర్డు మీద ఇంటిగ్రేషన్ గుర్తు గీస్తారు. ముందు బెంచీలోని ఎంపీసీ కుర్రాడికి అది రెండేళ్ల పాత చుట్టం. పక్కనున్న బీజెడ్‌సీ అమ్మాయి ఆ గుర్తును అంతకుముందు ఫిజిక్స్ పుస్తకంలో ఎక్కడో చూసి ఉంటుంది, ఎవరూ విడమరిచి చెప్పి ఉండరు. ఆమె ఆ పేజీని బొమ్మలాగా బట్టీపట్టి, పరీక్షలో దించి, పాసవుతుంది. మార్కుల మెమోలో ఇద్దరికీ ఒకే గ్రేడు రావచ్చు. తేడా మెమోలో పడదు.

ఎమ్మెస్సీలో పడుతుంది. ఎంజైమ్ పనితీరును వివరించే మైఖేలిస్-మెంటెన్ సమీకరణాన్ని సరళరేఖగా మార్చి, గ్రాఫు వాలు నుంచి విలువ తీయాలి. బఫర్ తయారీకి లాగరిథమ్ కావాలి. జెనెటిక్స్‌లో హార్డీ-వైన్‌బర్గ్ సూత్రం పదో తరగతి పిల్లలు చూసే వర్గ విస్తరణే, కానీ దాన్ని ఒక జనాభాలోని జన్యువులకు అన్వయించేసరికి చాలామంది తడబడతారు. (అందులోని హార్డీ కేంబ్రిడ్జి గణిత శాస్త్రవేత్త. తన లెక్కలు ఎవరికీ ఉపయోగపడవని గర్వంగా చెప్పుకున్న మనిషి. 1908లో ఆయన రాసిన చిన్న ఉత్తరం జీవశాస్త్రంలో స్థిరపడిపోయింది.) భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రచురించిన ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి బయోకెమిస్ట్రీ ల్యాబుల్లో నేటికీ ప్రాక్టికల్‌గా ఉంటుంది. నీలం రంగు ఎంత చిక్కబడిందో కొలిచి, ఎంత ఫాస్ఫరస్ ఉందో చెప్పాలి. ద్రావణం ఎంత కాంతిని పీల్చుకుంటుందన్నది ఫిజిక్స్ పాఠం. కలరీమీటర్ మీట నొక్కడం ఎవరికైనా వస్తుంది. అంకె తప్పుగా వచ్చినప్పుడు ఎందుకు వచ్చిందో చెప్పగలవాళ్లు తక్కువ.

జాతీయ పరీక్షలు ఈ లోటును ఇంకా కఠినంగా బయటపెడతాయి. సీఎస్ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్‌లో 200 మార్కులకు 30 మార్కులు జనరల్ ఆప్టిట్యూడ్‌వి. అందులో అంకగణితం, గ్రాఫులు తప్పవు. సిలబస్‌లోనే గణాంక పద్ధతులు, బయోఫిజిక్స్ పద్ధతులు ఉంటాయి. పరీక్షలు దాటి ఉద్యోగాలకు వచ్చినా ఇదే చిక్కు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం చాలావరకు పాత మహబూబ్‌నగర్ జిల్లాలోదే, నల్లమలలో 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా ఉంది. అచ్చంపేటలో జువాలజీ చదివిన కుర్రాడికి అంతకన్నా దగ్గరి ప్రయోగశాల లేదు. కెమెరాకు చిక్కిన చారల ఫొటోల నుంచి, చిక్కని పులులను కూడా కలుపుకుని సంఖ్య అంచనా వేయడం పూర్తిగా గణాంక శాస్త్రం. ఆ ఒక్క పేపరు చదివి ఉంటే అతను ఆ పనికి వెళ్లగలడు. చదవకపోతే, ఊరి పక్క అడవి లెక్కను వేరే ఊరివాళ్లు వచ్చి తేలుస్తారు. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో మందుల కంపెనీల క్వాలిటీ కంట్రోల్ ల్యాబుల సంగతీ ఇంతే. హెచ్‌పీఎల్‌సీ యంత్రం గీసిన గీతల కింది వైశాల్యం ఏం చెబుతుందని ఇంటర్వ్యూలో అడుగుతారు.

డిగ్రీ కాలేజీల్లో చదువే లేదనే మాట కొందరి నోట తేలికగా వస్తుంది. అది తప్పు. జడ్చర్ల ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఆవరణలో తెలంగాణ బొటానికల్ గార్డెన్ పేరుతో ఒక తోట ఉంది. అధ్యాపకులు, విద్యార్థులు కలిసి పెంచింది. వందల రకాల మొక్కల మధ్య వర్గీకరణ శాస్త్రం నేర్చుకున్న విద్యార్థికి, ఏసీ గదుల కాలేజీలో చదివిన విద్యార్థి మొక్కల దగ్గర దీటు రాలేడు. లోపం పాఠం చెప్పడంలో లేదు, సబ్జెక్టులను గడులుగా కోసిన తీరులో ఉంది.

ఆ గడుల గోడలు ఒక వైపు వాళ్లకే ఎత్తుగా ఉండటం ఇంకో విచిత్రం. వెంకీ రామకృష్ణన్ బరోడాలో ఫిజిక్స్‌లో బీఎస్సీ చేశారు. అమెరికాలో ఫిజిక్స్‌లోనే పీహెచ్‌డీ ముగించాక, శాన్‌డియాగోలో రెండేళ్లు బయాలజీ విద్యార్థిగా కూర్చుని పాఠాలు నేర్చుకున్నారు. రైబోజోమ్ మీద పనికి 2009లో ఆయనకు నోబెల్ వచ్చింది. లెక్కలు, ఫిజిక్స్ వచ్చిన మనిషి బయాలజీలోకి దిగడానికి దారి ఉంది. మన దగ్గర కూడా ఎంపీసీ చదివినవాళ్లు బయాలజీని అదనపు సబ్జెక్టుగా పాసై నీట్ రాయవచ్చని నేషనల్ మెడికల్ కమిషన్ 2023లో ఒప్పుకుంది. బైపీసీ నుంచి అటు వెళ్లే దారి మాత్రం పొదలు కమ్మి ఉంది.

దారి అసలు లేకపోలేదు. తెలంగాణ ఇంటర్ బోర్డు పరీక్షల టైమ్‌టేబుల్‌ను చివరి దాకా చదివితే, ఆఖరి రోజుల్లో ఎక్కడో ‘బైపీసీ విద్యార్థులకు బ్రిడ్జి కోర్సు మ్యాథ్స్ పేపర్’ అనే వరుస కనిపిస్తుంది. ఏటా అచ్చవుతుంది. నల్లగొండ, పాలమూరు పల్లెల్లోని జూనియర్ కాలేజీల్లో దాని గురించి నోటీసు బోర్డు మీద పెట్టి, వారానికి రెండు క్లాసులు తీసుకునేవారుంటే ఈ వ్యాసంలో సగం అవసరం ఉండేది కాదు. పొరుగు రాష్ట్రం ఇంకొంచెం ముందుకు పోయింది. 2025-26 నుంచి ఆంధ్రప్రదేశ్ ఇంటర్ బోర్డు ఎంబైపీసీ పేరుతో లెక్కలు, బయాలజీ రెండూ తీసుకునే వీలు కల్పించింది. చదువు బరువు పెరుగుతుందన్న భయం సహజమే. అయినా, కావాలనుకున్న విద్యార్థికి కనీసం ఆ గడి ఉంది.

అందరికన్నా తెలివిగా ఈ చిక్కును విప్పింది ఫార్మసీ వాళ్లు. బీఫార్మసీలో ఎంపీసీ వాళ్లూ చేరతారు, బైపీసీ వాళ్లూ చేరతారు. ఎవరినీ గుమ్మం దగ్గర ఆపరు, ఎవరినీ అలా వదిలేయరు. ఫార్మసీ కౌన్సిల్ సిలబస్ ప్రకారం మొదటి సెమిస్టర్‌లో బైపీసీ వాళ్లకు రెమెడియల్ మ్యాథమెటిక్స్, ఎంపీసీ వాళ్లకు రెమెడియల్ బయాలజీ. ఎంపీసీ వాళ్లకైతే ప్రాక్టికల్ కూడా ఉంటుంది. నల్లగొండ చుట్టుపక్కల ఏ ఫార్మసీ కాలేజీకి వెళ్లినా ఈ పేపర్లు కనిపిస్తాయి. అది దయతలచి పెట్టిన ఎక్స్‌ట్రా క్లాసు కాదు, మార్కుల మెమోలో కనిపించే పేపరు. కాబట్టి లెక్చరర్ క్లాసుకు వస్తారు, విద్యార్థీ వస్తాడు. ఇదే జిల్లాలో, ఇదే వయసు పిల్లలకు, ఏళ్లుగా నడుస్తున్న ఏర్పాటు ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీకీ, మైక్రోబయాలజీకీ ఎందుకు పనికిరాదో యూనివర్సిటీలు చెప్పాలి.

మనుషులు లేరన్న జవాబు రావచ్చు. అధ్యాపక పోస్టుల ఖాళీలు, గెస్ట్ ఫ్యాకల్టీ, కాంట్రాక్టు జీతాల గొడవ రెండు యూనివర్సిటీల్లోనూ నిజమే. కానీ ఈ పేపరుకు కొత్త డిపార్ట్‌మెంటు అక్కర్లేదు. ఎంవీఎస్ కాలేజీలోనూ, నాగార్జున కాలేజీలోనూ ఫిజిక్స్, మ్యాథ్స్ లెక్చరర్లు బీజెడ్‌సీ క్లాసుకు రెండు గదుల అవతలే ఉన్నారు. వాళ్ల టైమ్‌టేబుల్‌లో బీజెడ్‌సీ సెక్షన్ ఉండదు, అంతే. 2016-17లో సీబీసీఎస్ తెచ్చినప్పుడు ఇష్టమైన సబ్జెక్టు ఎంచుకునే స్వేచ్ఛ అని ఊదరగొట్టారు. జనరిక్ ఎలెక్టివ్ అనే గడి కూడా పెట్టారు. ఆచరణలో కాలేజీ ఏది చెప్పగలిగితే అదే ఎలెక్టివ్ అయింది. ఆ గడిలో జీవశాస్త్ర విద్యార్థులకు లెక్కలు, గణాంకాలు కలిపి ఒక పేపరు పెడితే ఎంపీసీ సిలబస్ అంతా చెప్పనక్కర్లేదు. లాగరిథమ్‌లు, గ్రాఫులు, వాలు, సగటు, ప్రామాణిక విచలనం, సంభావ్యత, ఒక చిన్న ఇంటిగ్రేషన్. ఒక సెమిస్టర్‌కు అంతకు మించి అవసరం లేదు.

తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవాళ్లకు ఇంకో మెట్టు ఎక్కువ. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ డిగ్రీ పుస్తకాలతో కిరణజన్య సంయోగక్రియను చక్కగా వివరించగల విద్యార్థి, ఎమ్మెస్సీ మొదటి వారం ఇంగ్లిష్ లెక్చర్‌లో మూగబోతాడు. లెక్కలు రాకపోవడం, ఇంగ్లిష్ అందకపోవడం ఒకదాని వెనక ఒకటి దాక్కుంటాయి. పిల్లవాడు వెనకబడ్డాడని అందరికీ తెలుస్తుంది, ఎందుకన్నది తెలియదు. మొదటి నెలలో ఒక చిన్న పరీక్ష పెట్టి ఏది లోటో విడదీస్తే ఈ అయోమయం తగ్గుతుంది. ఆ పరీక్ష మార్కులు ఎక్కడా ఎక్కించకూడదు.

ప్రైవేటు కోచింగ్ ఈ లోటును ఎప్పుడో కనిపెట్టింది. పట్నంలో నెట్ కోచింగ్ సెంటర్ల ఫీజుల్లో బయాలజీ కొంతే, మిగతాది డిగ్రీలో చెప్పని లెక్కలకు కట్టేది. అది కట్టగలిగిన కుటుంబానికి షరతు అసలు షరతే కాదు. మక్తల్‌లోనో, మునుగోడులోనో పత్తి అమ్మిన డబ్బుతో హాస్టల్ ఫీజు కట్టే ఇంటికి మాత్రం అదే పెద్ద గోడ.

దోస్త్ తెర మీద ప్రతి కాంబినేషన్ పక్కన, దీనితో ఏ పీజీ కోర్సుల్లో చేరవచ్చు, ఏవి కుదరవు, బీఈడీలో ఏ మెథడాలజీ వస్తుంది అన్న మూడు వరుసలు తెలుగులో పెట్టడానికి ఉన్నత విద్యామండలికి ఒక రోజు పని చాలు. ఆ సమాచారమంతా సీపీగెట్, ఎడ్‌సెట్ పుస్తకాల్లో ఇప్పటికే ఉంది. ఎమ్మెస్సీ మొదటి సెమిస్టర్‌లో క్రెడిట్లున్న బ్రిడ్జి పేపరు పెట్టడానికి అసెంబ్లీ తీర్మానమో, ఢిల్లీ అనుమతో అక్కర్లేదు. మహాత్మాగాంధీ, పాలమూరు యూనివర్సిటీల బోర్డ్ ఆఫ్ స్టడీస్ చేతిలో ఉన్న పని అది. ఆ సమావేశానికి ఎమ్మెస్సీ ప్రొఫెసర్లతో పాటు దేవరకొండ, అచ్చంపేట కాలేజీల్లో బీజెడ్‌సీకి కెమిస్ట్రీ చెప్పే లెక్చరర్లను కూడా పిలవాలి. ఏ పేజీ దగ్గర పిల్లలు బట్టీ మొదలుపెడతారో వాళ్లకే తెలుసు. సీపీగెట్ రాసిన రోజుకూ పీజీ క్లాసులు మొదలయ్యే రోజుకూ మధ్య ఏటా కొన్ని వారాలు ఖాళీగా పోతున్నాయి. మొదటి ఏడాది ప్రయత్నానికి ఆ వారాలు వాడుకోవచ్చు.